అద్దం మీద నాలుగు చుక్కలు

నేను లాకప్ తలుపు తోసేసరికి తైయెబ్ పళ్ళు రెండు నేలమీద ఉన్నాయి. మూడోది పెదవికి అంటుకుని వేలాడుతోంది. కుర్చీ వెనక్కి విరిచి కట్టిన చేతుల్లో ఎడమచేతి వేళ్ళు రెండు ఉండాల్సిన వైపు లేవు. ఎదురుగా బల్లమీద కూర్చుని ఇన్‌స్పెక్టర్ లసాద్ హరీసా కారం పూసిన ట్యూనా చేప రొట్టె తింటున్నాడు. కుడిచేతి కణుపులు చిట్లి నెత్తురు కారుతోంది కాబట్టి, సిగ్గులేకుండా ఎడమచేత్తో తింటున్నాడు.

"రా దలెండా అక్కా. సంతకం కూడా అయిపోయింది. నీకిక పనిలేదు," అన్నాడు.

నేను వాడికి అక్కను కాను. స్ఫాక్స్ ఊళ్ళో పద్దెనిమిదేళ్ళుగా ఇన్‌స్పెక్టర్‌గా హత్య కేసులు చూస్తున్నాను, వాడు వచ్చి ఆరేళ్ళయింది. ఫైలు ఒకసారి సరిచూడమని జడ్జి నాకు అప్పజెప్పినప్పటినుంచీ వాడికి నిద్రపట్టడం లేదు, నన్ను చూస్తే ఒంటికి కారం రాసుకున్నట్టుంటుంది.

కేసు చిన్నదే. ఆస్తమా వాళ్ళు నోట్లో కొట్టుకుని పీల్చే స్ప్రేలు తయారుచేసే ఫ్యాక్టరీ. అక్కడి ల్యాబ్ పెద్ద డాక్టర్ నౌఫల్ నిన్న మధ్యాహ్నం తల పగిలి చచ్చిపోయాడు. తైయెబ్ అక్కడ పెట్టెలు మోసే కూలీ. పెట్టెలు పడేస్తున్నాడని నౌఫల్ ఫిర్యాదు చేస్తే రెండు వారాల కిందట పనిలోంచి తీసేశారు. నిన్న పన్నెండున్నరకి గోడ దూకి ఆవరణలోకొచ్చి, కిందనుంచే నౌఫల్‌ని బూతులు తిట్టాడు. పన్నెండూ యాభైకి కాపలావాళ్ళు పట్టుకుని గేటు దగ్గర గదిలో కట్టేశారు. ల్యాబ్‌లో శవం ఉందని ఫ్యాక్టరీ ఓనరు ఫోన్ చేస్తే పన్నెండూ యాభై ఎనిమిదికి లసాద్ వచ్చాడు. ల్యాబ్ వెనక చెత్తడబ్బాలో నెత్తుటి ఇనప పైపు దొరికింది. మూడింటికల్లా హంతకుడు తేలిపోయాడు. ఇంత చురుగ్గా లసాద్ ఏ కేసూ తేల్చలేదు.

నేను వంగి తైయెబ్‌ని అడిగాను. ఆయన్ని నువ్వే కొట్టావా అని. వాడు నా మొహం చూడలేదు. లసాద్ బూటు కేసి చూశాడు.

"నేనే కొట్టానమ్మా," అన్నాడు. పళ్ళు లేని నోట్లోంచి ఆ మాట గాలిలా వచ్చింది.

"విన్నావుగా. మూడింటికి వీణ్ణి ఫ్యాక్టరీకి తీసుకెళతాను, ఎలా కొట్టాడో చేసి చూపిస్తాడు," అన్నాడు లసాద్.

మా దగ్గర అది ఆనవాయితీ. ఒప్పుకున్నవాణ్ణి నేరం జరిగిన చోటికి తీసుకెళ్ళి, అదే ఆయుధం చేతికిచ్చి, జరిగింది జరిగినట్టు చేయించి ఫోటోలు తీస్తాం. ఆ ఫోటోలు చూశాక ఏ జడ్జీ వెనక్కి తిరిగి ఆలోచించడు. లసాద్ విషయంలో ఇంకో ఆనవాయితీ కూడా ఉంది. వాడు అలా తీసుకెళ్ళిన వాళ్ళలో ఇద్దరు తిరిగి రాలేదు. పారిపోబోతే కాల్చానని రెండుసార్లూ ఒకే వాక్యం రాశాడు. అప్పుడు గోడ గడియారంలో ఒంటిగంటా ఇరవై అయింది. తైయెబ్ ప్రాణానికి నా దగ్గరున్నది గంటా నలభై నిమిషాలు.

కట్లు విప్పమన్నాను. లసాద్ నవ్వాడు. నేనే విప్పబోతే బల్లమీంచి దిగి నా గొంతు పట్టుకుని గోడకేసి కొట్టాడు. తల వెనక టంగుమంది. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. వాడి చిట్లిన కణుపుల్ని దొరకబుచ్చుకుని పిండాను. మూలుగుతూ వదిలేశాడు.

"ఫ్యాక్టరీ మీ బావది కాబట్టి నీకింత తొందర," అన్నాను దగ్గుతూ.

"మా బావది కాబట్టే చెబుతున్నా. అక్కడ కోడిగుడ్డుకి ఈకలు పీకకు. పీకితే నీ వేళ్ళు కూడా పక్కకి తిరుగుతాయి," అన్నాడు. మళ్ళీ రొట్టె అందుకున్నాడు.

* * *

ల్యాబ్ తలుపు మీద లసాద్ వేసిన లక్క ముద్ర అలాగే ఉంది. ఒంటిగంటా యాభైకి దాన్ని పగలగొట్టాను. పక్కన నిలబడ్డవాడు మోంజీ, నౌఫల్ కింద పన్నెండేళ్ళుగా పనిచేస్తున్న రెండో అధికారి. తెల్ల కోటు ఇస్త్రీ నలగలేదు. లోపలికి అడుగు పెట్టగానే నెత్తుటి వాసన గుప్పుమంది. చెయ్యి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

నౌఫల్ స్టూలు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ముందుకు వాలి, చెంప బల్లకి ఆనించి చచ్చిపోయాడు. శవం తీసేసిన బల్లమీద తల ఆకారం వదిలేసి చుట్టూ నెత్తురు నల్లగా గడ్డకట్టింది. ఆ మరకకి జానెడు దూరంలో యంత్రం ఉంది.

అదేమిటో చెప్పమన్నాను. మోంజీకి పాఠం చెప్పడం ఇష్టమనుకుంటాను, గొంతు కుదుటపడింది. బల్లమీద రెండు పెట్టెలు ఎదురెదురుగా ఉన్నాయి. ఒకదాంట్లోంచి సన్నటి ఎర్ర లేజర్ కాంతి వస్తుంది. రెండోదాని ముందు గుండ్రటి అద్దం, దాని వెనక కాంతిని పట్టుకునే కళ్ళు. మధ్యలో మూరెడు ఖాళీ. ఆ ఖాళీలోకి స్ప్రే కొడతారు. తుంపర చిన్నదైతే కాంతిని దూరంగా చెదరగొడుతుంది, పెద్దదైతే దగ్గరగానే పడేస్తుంది. ఆ చెదురుని బట్టి ఒక్కో తుంపర ఎంత లావో యంత్రం చెబుతుంది. మన తలవెంట్రుక డెబ్బై మైక్రాన్లుంటే, ఈ మందు తుంపర అయిదు దాటకూడదట. దాటితే గొంతులోనే అంటుకుపోతుంది, ఊపిరితిత్తుల దాకా పోదు. పిల్లాడు ఎన్నిసార్లు పీల్చినా ఆయాసం తగ్గదు.

"నిన్న పన్నెండున్నర నుంచి ఒంటిగంట దాకా ఎక్కడున్నారు, సీ మోంజీ?" అన్నాను. సీ అంటే మా దగ్గర గారు అన్నట్టు.

"కాంటీన్‌లో, మేడమ్."

"ఎవరు చూశారు?"

"అందరూ."

అందరూ అన్నవాణ్ణి చూసినవాడు ఒక్కడూ ఉండడని నా పద్దెనిమిదేళ్ళ అనుభవం. కాంటీన్ ముసలాయన్ని పైకి వచ్చేముందే అడిగాను. నిన్న మోంజీ గారి పళ్ళెం ముట్టకుండా ఉండిపోయిందని చెప్పాడు. ఆ సంగతి అప్పుడే బయటపెట్టలేదు. యంత్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని అద్దం చూశాను.

అద్దం చుట్టూ నల్లటి ఇనప చట్రం ఉంది. దాని నిండా నెత్తుటి చుక్కలే. వేలు పెట్టడానికి సందు లేదు. అదే నెత్తురు అద్దం మీద కూడా అంతే దట్టంగా పడాలి. అద్దం మీద నాలుగే చుక్కలున్నాయి. మిగతా అంతా తళతళలాడుతోంది. చట్రానికి ఆనుకున్న అంచులో మాత్రం సన్నటి ఎర్ర గీత గుండ్రంగా తిరిగి ఉంది. ఎవరో తుడిచారు. మధ్యలోంచి మొదలుపెట్టి బయటికి గుండ్రంగా తుడిచారు. బల్ల కింద బుట్టలో పల్చటి కాగితం నాలుగు మడతలు వేసి పడేసి ఉంది. మడత విప్పితే లోపల ఎర్రగా ఉంది, స్పిరిటు వాసన వేసింది.

ఇంత నీటుగా ఎవరు తుడుస్తారని అడిగాను. నేనే చెప్పాను.

"తైయెబ్ జీవితంలో ఈ గదిలోకి రాలేదు. వాడు కొట్టి ఉంటే పారిపోతాడు. మనిషి తల పగలగొట్టాక ఆగి, లెన్స్ కాగితం నాలుగు మడతలు వేసి, స్పిరిటుతో అద్దం తుడిచి వెళ్ళేవాడు ఈ ఊళ్ళో ఒక్కడే ఉంటాడు. వాడు పన్నెండేళ్ళుగా రోజూ ఆ పనే చేస్తుంటాడు."

మోంజీ మొహంలో కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు. స్ప్రే డబ్బాలు నిలబెట్టే స్టాండులోంచి ఉక్కు కడ్డీ లాగి, ఇస్త్రీ కోటు వేసుకున్న ఆ మెతక మనిషి, దాన్ని రెండు చేతులా ఎత్తి నా నెత్తిన కొట్టాడు.

నడుముకున్న పిస్తోలు లాగుతూనే చెయ్యి అడ్డం పెట్టాను. కుడి మణికట్టు పుల్ల విరిగినట్టు చప్పుడు చేసింది. తీసిన పిస్తోలు ఎగిరిపోయి గోడవార పెద్ద బీరువా కిందకి జారిపోయింది. రెండో దెబ్బ భుజం మీద పడింది. మూడో దెబ్బకి చెయ్యి ఎత్తేలోగా వాడి పొట్టలోకి తలతో పొడిచాను. ఇద్దరం సీసాల బల్లమీద పడ్డాం, అది విరిగి మాతోపాటు కూలింది. వాడు నా జుట్టు పట్టుకుని నేలకేసి రెండుసార్లు కొట్టాడు. నోట్లో ఉప్పగా తగిలింది. ఎడమచేతికి ఏదో గాజుపెంకు దొరికితే వాడి తొడలో దించాను. కేకపెట్టి వదిలాడు. వాడి మెడ దొరకబుచ్చుకుని బల్ల అంచుకేసి మోదాను. కనుబొమ చీలి నెత్తురు బొటబొటా కంట్లోకి దిగింది. ఇంకోసారి మోదాను. ఆ రెండోది అవసరం లేదు, కోపానికి మోదాను. కడ్డీ లాక్కుని వాడి గొంతు మీద అడ్డంగా పెట్టి మీద కూర్చున్నాక ఇద్దరికీ ఊపిరి అందింది.

తర్వాత ఏడ్చాడు. ఏడుస్తూ అన్నీ చెప్పాడు. తాజాగా తయారైన సరుకు తొమ్మిది మైక్రాన్లు వచ్చిందట. స్ప్రే మూతికి సూది రంధ్రాలు పొడిచే అచ్చులు అరిగిపోయాయి, కొత్తవి తెప్పించలేదు. మోంజీ పాత మంచి కొలతల్ని కొత్త సరుకు పేరు మీద అతికించి మూడు నెలలుగా సంతకాలు పెడుతున్నాడు. నౌఫల్ అది కనిపెట్టాడు. నిన్న పొద్దున తనే స్వయంగా కొలిచి, సరుకు బయటికి పోనివ్వనన్నాడు. ఇది మందు కాదు, గొంతు తడుపుకునే నీళ్ళు, పిల్లలు ఊపిరాడక చస్తారు, సాయంత్రానికి ప్రభుత్వానికి ఫోన్ చేస్తాను అన్నాడట. మోంజీ బతిమాలాడు. నౌఫల్ వినకుండా మళ్ళీ కొలవడానికి యంత్రం వైపు తిరిగాడు. వెనకనుంచి ఈ కడ్డీతోనే కొట్టాడు.

"ఎన్ని దెబ్బలు?"

"ఒక్కటే మేడమ్. ఒక్క దెబ్బకే అలా వాలిపోయాడు. అల్లా సాక్షి."

"మరి అద్దమెందుకు తుడిచావు?"

వాడు తెల్లబోయి చూశాడు. "తెలీదు. మురికిగా కనిపించింది. మా దగ్గర మురికి అద్దం వదిలి ఎవరూ వెళ్ళరు. తుడిచి, ఖాళీ కొలత తీసి, అప్పుడే లేస్తాం. చేతులు వాటంతటవే చేసుకుపోయాయి."

ఖాళీ కొలత ఏమిటని అడిగాను. స్ప్రే కొట్టేముందు, మధ్యలో ఏమీ లేకుండా వట్టి కాంతిని ఒకసారి కొలవాలట. అద్దం మీద దుమ్మెంతో యంత్రం తెలుసుకుని దాన్ని తీసేసుకుంటుంది. ఆ తర్వాత కాంతికి ఏది అడ్డం వచ్చినా దానంతటదే లెక్క రాసుకుంటుంది. ఆపేవరకూ కాచుకునే ఉంటుంది. రాసుకున్నది చెరిపే వీల్లేదు. మందుల ఫ్యాక్టరీల్లో అలాంటి యంత్రాలే పెట్టాలి.

సరే, పైపు ఎందుకు చెత్తడబ్బాలో వేశావన్నాను. కడ్డీ కింద గొంతు కదిలింది.

"పైపు నేను చూడనేలేదు. సీ లసాద్ దొరికిందన్నారు. దేవుడే పంపాడనుకున్నాను."

తల తిప్పి అద్దం వంక చూశాను. వీడు తుడిచాడు. మధ్యలోంచి అంచు దాకా, పన్నెండేళ్ళ అలవాటుతో మచ్చ లేకుండా తుడిచాడు. అంటే ఆ నాలుగు చుక్కలు తుడిచాక పడ్డాయి.

కాలరు పట్టి లేపాను. కుంటుతూ వచ్చి తెర వెలిగించాడు. గోడ గడియారంలో రెండూ ముప్పై అయిదు. తెరమీద నిన్నటి పట్టిక వచ్చింది. పొద్దుట నుంచి వరుసగా తొమ్మిది, తొమ్మిది, తొమ్మిది. అవి నౌఫల్ కొలిచినవి. తర్వాత పన్నెండూ నలభై ఒకటికి ఒక వరుస. ఏడు వందల మైక్రాన్లు. మోంజీ దాని వంక చూడలేకపోయాడు. అది వాడి దెబ్బ. పన్నెండూ నలభై నాలుగుకి ఖాళీ కొలత. వాడి చేతులు వాటంతటవే తీసినది.

దానికింద ఇంకో వరుస ఉంది.

"ఒంటిగంటా ఆరు నిమిషాలా ముప్పై ఒక్క సెకను," అని చదివాడు మోంజీ.

"ఎన్ని మైక్రాన్లు?"

"ఆరు వందల యాభై."

"మందు స్ప్రే అంత లావు ఉంటుందా?"

"ఉండదు." తెరమీద ఆ వరుసకి వేలు ఆనించాడు. "ఇది కూడా నెత్తురే."

ఒంటిగంటా ఆరుకి మోంజీ కింద ఆవరణలో అరవైమంది పనివాళ్ళ మధ్య నిలబడి ఉన్నాడు, వాళ్ళంతా సాక్ష్యం చెప్పారు. తైయెబ్ గేటు దగ్గర గదిలో కట్లతో ఉన్నాడు. ఈ గదిలో ఎవరున్నారో నా జేబులోనే ఉంది. లసాద్ తన చేత్తో రాసిన నివేదిక. పన్నెండూ యాభై ఎనిమిదికి చేరాను, శవం చల్లబడి ఉంది, అందర్నీ బయటికి పంపి తలుపు వేసుకుని ఒంటిగంటా పదిహేను వరకు ఒంటరిగా గది పరిశీలించాను, అని.

చల్లబడిన శవంలోంచి నెత్తురు అలా చిమ్మదు. నౌఫల్ బతికే ఉన్నాడు. ఇరవై అయిదు నిమిషాలు బల్లమీద చెంప ఆనించి, ఎవరైనా వస్తారని ఎదురుచూస్తూ బతికే ఉన్నాడు. చివరికి పోలీసు వచ్చాడు. సరుకు ఆగిపోతే బావ ఫ్యాక్టరీ మూతపడుతుందని తెలిసిన పోలీసు, తలుపు వేసుకుని, పైపు అందుకున్నాడు.

"అంటే మేడమ్," అన్నాడు మోంజీ. నెత్తురు నిండిన కన్ను మూసుకుని రెండోకన్నుతో నన్నే చూస్తున్నాడు. "అంటే నేను చంపలేదా?"

నేను జవాబు చెప్పేలోగా మెట్లమీద బూట్ల చప్పుడైంది.

ఇంకా పావుగంట టైముంది. లసాద్ ముందే వచ్చేశాడు. తలుపు తోసి తైయెబ్‌ని లోపలికి నెట్టాడు. బేడీలు వేసిన చేతుల్లో వేళ్ళు వాచి నల్లబడ్డాయి. లసాద్ చంకలో ప్లాస్టిక్ సంచిలో పైపు ఉంది. వెనక జడ్జి పంపే గుమాస్తా లేడు. ఫోటోగ్రాఫర్ లేడు. కానిస్టేబుల్ కూడా లేడు. ఫోటోలు తీసే ఉద్దేశం లేనివాడు ఇలాగే వస్తాడు.

విరిగిన బల్ల చూశాడు. నా మణికట్టు చూశాడు. మోంజీ మొహం చూశాడు. ఏమిటీ గందరగోళమని నన్ను అడిగాడు. కాలు జారి పడ్డామని చెబుదామనుకున్నాను. పిస్తోలు బీరువా కింద ఉంది, కుడిచెయ్యి లేవడం లేదు, మాటలతో ఓ పది నిమిషాలు సాగదీస్తే కిందనుంచి ఎవరో ఒకరు రాకపోరు. నోరు తెరిచాను కూడా.

"సీ లసాద్," అన్నాడు మోంజీ, పసిపిల్లాడిలా. "మీరొచ్చేసరికి ఆయన బతికే ఉన్నాడా?"

వాడి నోరు పడిపోను. లసాద్ కళ్ళు తెరమీదకి పోయాయి. ఆ అంకెలు వాడికి అర్థం కావు. టైము మాత్రం ఎవరికైనా అర్థమవుతుంది. చాలాసేపు ఆ ఒక్క వరుసనే చూశాడు. తర్వాత వెనక్కి చెయ్యి పెట్టి తలుపు గడియ వేసి, తాళం తిప్పాడు.

తైయెబ్ బేడీలు విప్పాడు. మెల్లగా, నెప్పి పుట్టకుండా విప్పాడు. సంచిలోంచి పైపు తీసి వాడి చేతిలో పెట్టి, వాచిన వేళ్ళు ఒక్కొక్కటీ దానిచుట్టూ మూశాడు. రెండడుగులు వెనక్కి వేసి పిస్తోలు తీశాడు. వాడు రాయబోయే నివేదిక నాకు అక్షరం అక్షరం కనిపించింది. చేసి చూపించమంటే ఖైదీ పైపుతో తిరగబడ్డాడు, ఇన్‌స్పెక్టర్ దలెండాని, సీ మోంజీని చంపేశాడు, గత్యంతరం లేక కాల్చాను. యంత్రం ఆ గొడవలో పగిలిపోయింది.

"చూపించరా," అన్నాడు లసాద్. "నిన్న ఆయన్ని కొట్టినట్టు ఈమెని కొట్టు. కొడితే ప్రాణాలతో పోనిస్తా."

తైయెబ్ పైపు వంక చూశాడు. నా వంక చూశాడు. రాత్రంతా తన్నిన మనిషి ఎదురుగా నిలబడి ఉన్నాడు, తప్పుడు మాట ఒక్కటి పళ్ళు ఊడేదాకా నేర్పిన మనిషి. ఇందాక నేను అడిగితే నేనే కొట్టానన్నవాడు, ఇప్పుడు వేళ్ళు ఒక్కొక్కటే విప్పాడు. పైపు ఖణేల్మని నేలమీద పడింది.

"నేను కొట్టలేదు సారూ," అన్నాడు. "నేనసలు ఈ గదిలోకే రాలేదు."

లసాద్ మొహంలో కోపం కూడా కనిపించలేదు. విసుగు కనిపించింది. చెయ్యి కాస్త పక్కకి తిప్పి మోంజీని నుదుటిమీద కాల్చాడు. ఆ మనిషి మాట లేకుండా వెనక్కి పడ్డాడు. నా చెంపమీద వెచ్చగా చిమ్మింది. నన్ను చంపాల్సింది పైపుతో కదా అని వాడు ఒక్క క్షణం ఆలోచించడం నాకు తెలిసింది. ఇక ఆ లెక్కలన్నీ వదిలేసినట్టు పిస్తోలు తైయెబ్ వైపు తిప్పాడు.

నేను తైయెబ్‌కి అడ్డంగా జరిగి ఎడమచేత్తో పైపు అందుకున్నాను. లసాద్ వేలు ఆగలేదు. గుండు నా భుజంలో దిగింది, నా పైపు వాణ్ణి మళ్ళీ లేవకుండా కూల్చింది, తైయెబ్ ఒంటిమీద కొత్త గాయం పడలేదు.